ఆగే చెయ్యి

వదిన తాళం అరక్షణం వెనక నడుస్తుందని మొదట చెప్పింది రికార్డిస్టు కాదు, స్వయానా ఆవిడ మరదలే. సోమవారం పొద్దున స్టూడియోలో గిటారు పెట్టె తెరుస్తూ రికార్డిస్టుతో నవ్వుతూ చెప్పింది.

"మాస్టారూ, ముందే చెప్పేస్తున్నా. మా వదిన పుట్టడం కూడా డాక్టరు ఇంటికెళ్ళిపోయాక తీరిగ్గా పుట్టింది. కాస్త మీరే సర్దుకోవాలి."

వదిన తీగలు బిగించుకుంటూ తనూ నవ్వింది. గోడవార సోఫాలో కూర్చున్న పెద్దమనిషి, అంటే ఒకరికి మొగుడూ ఇంకొకరికి అన్నా అయినవాడు, అందరికంటే గట్టిగా నవ్వి, ఆ నవ్వు పూర్తికాకుండానే కునుకులోకి జారిపోయాడు. వాళ్ళిద్దరినీ కారులో దింపడం, మళ్ళీ తీసుకెళ్ళడం ఆయన బాధ్యత. మధ్యలో నిద్రపోవడం ఆయన హక్కు.

రికార్డిస్టుకి ఆ గదిలో ఇరవై ఆరేళ్ళు నిండాయి. చెప్పుల దుకాణం కింద నేలమాళిగ అది. పైన ఎవరో కొత్త జోళ్ళు తొడుక్కుని అటూ ఇటూ నడిచి చూసుకుంటే ఆ టకటకలు కిందికి దిగకూడదని, గోడలకీ కప్పుకీ మందపాటి దూది పలకలు ఆయనే దగ్గరుండి కొట్టించుకున్నాడు. ఆయన చెవి మీద ఊళ్ళో వాయించేవాళ్ళందరికీ గురి. ఆయనకీ గురే, కాకపోతే అందరికంటే కొంచెం ఎక్కువ. తీగ మీద వేలు జారిన కీచూ, వాయించేవాళ్ళు మింగిన గుటకా కూడా ఏరి పారేస్తాడని పేరు. ఆయనకి ఇష్టమైన మాట ఒకటే ఉంది. శుభ్రం.

అందుకే వాళ్ళిద్దరూ మోకాళ్ళు తగిలేటంత దగ్గరగా కుర్చీలు జరుపుకోబోతే వీల్లేదన్నాడు. ఒకరి చప్పుడు ఇంకొకరి మైకులో పడిందంటే తర్వాత విడదీయడం ఎవరి తరమూ కాదని చెప్పి, అద్దం గోడకి చెరోవైపు కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, వాటిలో తాళం కొలిచే క్లిక్కు పెట్టాడు. ఆల్బానికి 'ఎదురెదురుగా' అని పేరు పెట్టుకుని వస్తే మాస్టారు నడుమ గోడ కట్టేశారని మరదలు మూతి ముడిచింది. వదిన మాత్రం కుర్చీ ఒక్క జానెడు పక్కకి జరుపుకోవచ్చా అని అడిగింది.

"దాని మొహం కనబడక్కర్లేదు అన్నయ్యగారూ. ఎడం చెయ్యి కనబడితే చాలు నాకు."

ఆయన సరేనన్నాడు. ఎందుకని అడగలేదు. అడగాలని తోచలేదు కూడా.

మొదటి పాట పేరు 'ఓడరేవు'. పాటంటే అందులో మాట ఒక్కటీ లేదు. పాడేవాళ్ళు లేరు, డ్రమ్ములు లేవు, కరెంటు గిటార్లు లేవు. ఉన్నవల్లా రెండు చెక్క గిటార్లు, ఇద్దరు ఆడవాళ్ళు. అలాంటివి మొత్తం ఎనిమిది. శుక్రవారానికి మొదటిది చేతికివ్వాలనీ, అది తన చెవికి ఆనితే మిగతా ఏడూ కలిపి ఆల్బం వేసి, ఊరూరా కచేరీలు పెట్టిస్తాననీ, ఆనకపోతే ఏమీ అనుకోవద్దనీ రికార్డుల కంపెనీ ఆయన మాట. ఆరేళ్ళుగా ఆ ఇద్దరూ హోటళ్ళలో చెంచాల చప్పుడు మధ్య, తలెత్తి చూసే దిక్కు లేకుండా వాయించి వాయించి ఇక్కడిదాకా వచ్చారు. ఈ శుక్రవారం దాటితే మళ్ళీ ఆ చెంచాలే.

మరదలు మొదలుపెట్టింది. పిల్లలకి గిటారు నేర్పే టీచరమ్మ, చూడటానికి నెమ్మదస్తురాలు. కాని లావుపాటి తీగ మీద మీటు పడేసరికి రికార్డిస్టు కుర్చీలో వెనక్కి వాలినవాడు ముందుకొచ్చాడు. రాక్ కచేరీలో పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి వేలమంది ముందు చేయాల్సిన దురుసుదనం అది. దాన్ని ఉత్త చెక్కలోంచి, ఏ యంత్రం సాయం లేకుండా, వేళ్ళ బలంతో లాగుతోంది. నాలుగు వరసలయ్యాక వదిన వచ్చి చేరింది. బొటనవేలితో కింది స్వరం, గోళ్ళతో తీగల జల్లు, అరచేతి మడమతో చెక్క మీద దెబ్బ. కళ్ళు మూసుకుని వింటే అక్కడ ముగ్గురున్నారని ఎవరైనా పందెం కాస్తారు. రాక్ నడకలోకి మెల్లిగా స్పెయిన్ వీధి నాట్యాల చప్పట్ల వరస దూరింది. అది ఎప్పుడు మారిందో తెలియకుండా ఎడారి బేహారుల పాటల్లో ఉండే ఊగుగా మారింది. ఇవేవీ వదిన పుస్తకాల్లో చదువుకున్నవి కావు. ఓడలకీ హోటళ్ళకీ దుప్పట్లు ఉతికి పంపే లాండ్రీలో ఆవిడ పనిచేస్తుంది. పక్కన పనిచేసే నాలుగు దేశాల ఆడవాళ్ళు కూనిరాగాలు తీస్తుంటే, ఆ కూనిరాగాల కింద నడిచే తాళాన్ని ఏరి ఇంటికి తెచ్చుకుంది.

రికార్డిస్టు ముంజేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఈ మధ్యకాలంలో అలాంటిది జరిగి ఎరగడు. పాట అయ్యాక మైకులో బాగుందని ఒక్కమాట అని, ఎక్కువ మెచ్చుకుంటే నెత్తికెక్కుతారేమోనని ఊరుకున్నాడు.

తర్వాత కంప్యూటరు తెర చూశాడు. ఆ తెర మీద తాళం నిలువుగీతలుగా, వాయింపు చిన్న చిన్న కొండలుగా కనిపిస్తుంది. గీత దగ్గర కొండ మొదలైతే సరిగ్గా వాయించినట్టు. అంతటా చక్కగానే ఉంది, ఒక్క మలుపు దగ్గర తప్ప. మరదలి రాగం పైనుంచి జలజలా కిందికి దిగి ఒక స్వరం మీద నిలబడే చోటు అది. పాటలో పదకొండు సార్లు వస్తుంది. ఆ పదకొండు సార్లూ వదిన దెబ్బ గీత దాటాకే పడింది. మరదలి స్వరం కూడా దాంతోపాటే, గీత దాటాకే పడింది. సంగతి ఆయనకి ఇట్టే అర్థమైపోయింది. తాళం పట్టే మనిషి వెనకపడితే రాగం తీసే మనిషి ఏం చేస్తుంది? పాపం, మర్యాద కోసం ఆగుతోంది. పొద్దున ఆ పిల్ల నవ్వుతాలుగా చెప్పిందే నిజమన్నమాట. మళ్ళీ వాయించమన్నాడు. మూడుసార్లు వాయించినా అదే చోట అదే ఆలస్యం. వదినకి చెబితే, అలాగే అన్నయ్యగారూ, చూస్తానని తలూపింది. చూడలేదు.

మంగళవారం పొద్దున వాళ్ళు వచ్చేలోపే ఆయన ఆ పదకొండు దెబ్బల్నీ ఒక్కొక్కటే పట్టుకుని గీత మీదికి జరిపాడు. జరిపి వింటే మరదలి స్వరం ఒంటరిగా వెనక మిగిలిపోయింది. మరి ఆగడం అలవాటైపోయింది కదా అనుకుని, దాన్నీ తెచ్చి గీత మీద కూర్చోబెట్టాడు. రెండు గంటల పని. అయ్యాక తెర చూస్తే కడుపు నిండినట్టయింది. కొండలన్నీ బడిపిల్లల్లా వరసగా నిలబడ్డాయి.

పదింటికి కంపెనీ ఆయన వచ్చాడు. చెడ్డమనిషేం కాదు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు, వచ్చినప్పుడల్లా అందరికీ టీ చెబుతాడు. కాకపోతే ఆయనకి వినడంకన్నా చూడటం తేలిక. పాట నడుస్తున్నంతసేపూ తెర వైపే చూసి, నిన్నటిదీ ఇవాళ్టిదీ పక్కపక్కన పెట్టించి చూసి, తొడ చరుచుకున్నాడు. ఇదీ పాటంటే, అన్నాడు. వదినా మరదళ్ళు వెనక బల్ల మీద కూర్చుని విన్నారు. మరదలు ఏమిటో తేల్చుకోలేనట్టు కనుబొమలు ముడేసింది. వదిన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా వింది.

"బాగుంది అన్నయ్యగారూ," అంది. "ఇస్త్రీ పెట్టినట్టుంది." మళ్ళీ తనే అడిగింది. "దాని స్వరాలు కూడా జరిపారా?"

"జరిపానమ్మా. మీ కోసం ఆగుతోంది కదా పాపం."

వదిన ఆయన వైపు ఒక్క క్షణం చూసింది. "అవును," అంది. "పాపం."

ఆ తర్వాత కంపెనీ ఆయన అసలు మాట నెమ్మదిగా బయటపెట్టాడు. ఇక్కడంటే మాస్టారు కూర్చుని దిద్దుతారు, రేపు స్టేజీ మీద దిద్దేదెవరు? తన దగ్గర ఒక గిటారిస్టు ఉన్నాడు, గడియారం తప్పినా అతను తప్పడు. తాళం పని అతనికి అప్పగిస్తే మరదలు హాయిగా, ఎవరి కోసమూ ఆగకుండా వాయించుకోవచ్చు. వదిన పేరు ఎక్కడికీ పోదు, ఆల్బం మీద 'అదనపు గిటారు' అని వేయిస్తాడు. ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు, వదిన సరేనంది. బేరమాడలేదు, మొహం చిన్నబుచ్చుకోలేదు. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిన మనిషిలా లేచి గిటారు పెట్టెలో పెట్టుకుంది.

"ఏంటి వదినా అలా అంటావ్?" అంది మరదలు.

"నిజమే కదే. నేను లాగేస్తున్నాను నిన్ను."

మరదలు కోప్పడింది. దేనికీ పట్టింపే లేదు నీకని దెప్పింది. కాని వద్దని గట్టిగా అడ్డుపడలేదు. ఆ కోపంలో కోపం ఎంతో, అడుగున ఎక్కడో ఊరట ఎంతో రికార్డిస్టు చెవికి కూడా అందలేదు. సోఫాలోని పెద్దమనిషి నిద్రలేచి ఏమైందని అడిగాడు. ఏమీ కాలేదు, ఇంటికి పోదాం పదండని వదిన ఆయన్ని లేపి తీసుకెళ్ళింది.

బుధవారం కొత్త గిటారిస్టు వచ్చాడు. వినయస్తుడు. పాటని ఒక్కసారి విని కాగితం మీద రాసుకుని, రెండోసారికి చూడకుండా వాయించాడు. దెబ్బలన్నీ గీతల మీద దించాడు. రికార్డిస్టుకి అసలైతే పండగలా ఉండాలి. మరదలు మొదలుపెట్టింది, దురుసుదనం బాగానే ఉంది, చప్పట్ల వరస బాగానే ఉంది. మలుపు దగ్గర రాగం కిందికి దిగింది. కొత్తాయన దెబ్బ పడింది. దాని వెనక, మెట్టు తప్పి కాలు వేసినట్టు, ఆవిడ స్వరం పడింది.

ఆవిడ నవ్వేసి మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అంతే. హెడ్‌ఫోను సరిగ్గా లేదంది. మార్చారు. కుర్చీ ఎత్తుగా ఉందంది, మార్చారు. తీగలు పాతవైపోయాయని తనే కొత్తవి వేసుకుంది. కొత్తాయన ఏమీ అనలేదు. ఎన్నిసార్లంటే అన్నిసార్లు, అదే చోట, అదే క్షణాన, అదే దెబ్బ వేశాడు. పదో ప్రయత్నం దగ్గర ఆవిడ వాయించడం ఆపేసి గిటారు మీదికి తల వంచుకుంది. అద్దం ఇవతలనుంచి చూస్తున్న రికార్డిస్టుకి ఆ భుజాలు కదలడం కనబడి చూపు తిప్పుకున్నాడు. పాపం, మనసు బాగున్నట్టు లేదనుకున్నాడు. అంతకుమించి ఆయన బుర్రకి ఎక్కలేదు.

మధ్యాహ్నం కంపెనీ ఆయన ఒక కాగితం పంపాడు. 'అదనపు గిటారు'కి వదిన ఒప్పుకున్నట్టు సంతకం కావాలి. లాండ్రీ రెండు వీధుల అవతలే. కాస్త గాలి తగులుతుందని రికార్డిస్టు తనే బయల్దేరాడు.

లాండ్రీ తలుపు తీయగానే ఆవిరి మొహాన కొట్టింది. గుండ్రంగా తిరిగే పెద్ద యంత్రాలు ఒకవైపు, వేడి రోలర్లు ఇంకోవైపు, నడుమ పొడవాటి బల్ల. ఆ బల్ల పక్కన వదిన ఇంకొకావిడతో కలిసి పెద్ద పెద్ద దుప్పట్లు మడతపెడుతోంది. మడత ఒక్కరివల్ల అయ్యే పని కాదు. చెరో రెండు కొసలూ పట్టుకుని దూరంగా నిలబడాలి, ఇద్దరూ ఒకేసారి చేతులెత్తి దగ్గరికి నడవాలి, కొసలు కలపాలి. ఒకరు ముందెత్తితే దుప్పటి వంకరపోతుంది. గుట్ట పెద్దదిగా ఉంది. వదిన చూసి కళ్ళతోనే ఒక్క నిమిషం అంది. ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

ఆ రెండోఆవిడ పెద్దది, అరవై దాటి ఉంటాయి. ఆవిడ కుడి భుజం సరిగ్గా లేవదు. దుప్పటి ఎత్తేముందు భుజం ఒకసారి లోపలికి ముడుచుకుని, అప్పుడు చెయ్యి పైకొస్తోంది. వదిన ఆ భుజం వైపు చూస్తున్నట్టే లేదు. కాని ఎత్తాల్సిన క్షణంలో ఎత్తకుండా, ముడత పోవడానికన్నట్టు తన కొసల్ని ఒక్క విదిలింపు విదిలిస్తోంది. ఆ విదిలింపు అయ్యేసరికి పెద్దావిడ చెయ్యి పైకొస్తోంది. ఇద్దరూ కలిసి ఎత్తుతున్నారు. కొసలు పొల్లుపోకుండా కలుస్తున్నాయి. దుప్పటి తర్వాత దుప్పటి, ప్రతిసారీ ఆ విదిలింపు. చూసేవాళ్ళెవరైనా, ఈ చిన్నావిడకి ఉత్తపుణ్యానికి దుప్పటి దులిపే అలవాటు కాబోలు, అందుకే ఆలస్యమవుతోంది అనుకుంటారు. రికార్డిస్టు కూడా నాలుగు దుప్పట్లదాకా అలాగే అనుకున్నాడు.

ఐదో దుప్పటి దగ్గర ఆయన గోడ వదిలి ముందుకొచ్చి, మొదట ఆ భుజాన్నీ, తర్వాత ఆ విదిలింపునీ చూశాడు.

వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చి కాగితం ఏదని అడిగింది. ఆయన కాగితం తీయలేదు.

"ఏ వేలమ్మా?" అన్నాడు.

ఆవిడ వెనక్కి తిరిగి పెద్దావిడ వినేటంత దగ్గరలో ఉందేమో చూసుకుంది.

"మా మరదలి ఎడం చేతి ఉంగరపు వేలు. ఆరేళ్ళ కిందట బస్సు తలుపులో పడింది. బాగైపోయిందన్నాడు డాక్టరు. అదీ అలాగే అనుకుంటోంది. నిజంగా బాగానే ఉంటుంది అన్నయ్యగారూ, ఆ ఒక్కచోట తప్ప. కిందికి దిగి నిలబడాల్సి వచ్చినప్పుడు ఆ వేలు కొంచెం ఆలోచిస్తుంది."

"అందుకని మీరు ఆగుతారు."

"నా దెబ్బా దాని స్వరమూ కలిసి పడితే అది అందంగానే ఉంటుంది. తప్పులా ఉండదు. ఆలస్యమైతే నాదవుతుంది, అంతేగా."

"ఆ అమ్మాయికి చెప్పొచ్చు కదమ్మా, ఇన్నేళ్ళలో."

"చెప్తే అది వేలి గురించి ఆలోచిస్తుంది. వేలి గురించి ఆలోచిస్తూ ఎవరు వాయించగలరు?" ఆవిడ చెయ్యి చాపి ఆయన జేబులోంచి కాగితం తనే తీసుకుంది. "ఆ కొత్తాయన మంచివాడేనట కదా. రెండు రోజులు పోతే కనిపెడతాడు. కనిపెడితే తనూ ఆగుతాడు. మీరు మాత్రం దానికి చెప్పకండి. నా మీద ఒట్టు."

కొత్తాయన చచ్చినా ఆగడని రికార్డిస్టుకి తెలుసు. ఆగకపోవడమే అతని గొప్ప. ఆ మాట అనేలోపే ఆవిడ కాగితాన్ని మడతబల్ల మీద పెట్టి, చదవకుండా సంతకం చేసి ఇచ్చేసి, దుప్పట్ల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆయన వీధిలోకి వచ్చాక కాసేపు ఎటు నడవాలో తోచక నిలబడ్డాడు. ఇరవై ఆరేళ్ళుగా వింటున్నాడు. పక్కవాళ్ళ కోసం ఆగిన చేతులు ఇంకెన్నింటిని తను గీత మీదికి ఈడ్చి ఉంటాడో. తల కొట్టేసినట్టయింది ఆయనకి.

గురువారం పొద్దున స్టూడియో తాళం తీయడానికి వెళ్ళేసరికి మెట్ల మీద మరదలు కూర్చుని ఉంది. నిద్రలేని కళ్ళు. సోమవారం వాయించింది పెట్టమని అడిగింది.

"దిద్దింది కాదు మాస్టారూ. మొదటిది. అందులో నాదొక్కటే పెట్టండి, క్లిక్కుతో."

ఆయనకి ఒట్టు గుర్తొచ్చింది. చెప్పకూడదన్నది ఒట్టు. మీట జరపకూడదని ఎవరూ ఒట్టు పెట్టలేదు. వదిన గిటారు చప్పుడు తగ్గించే మీటని కిందిదాకా లాగేసి, క్లిక్కు పెంచాడు. రాగం కిందికి దిగింది. క్లిక్కు కొట్టింది. ఆ తర్వాత స్వరం పడింది. ఒకసారి, రెండుసార్లు, పదకొండుసార్లు. ఆవిడ కదలకుండా వింది. అంతా అయ్యాక వదిన మీటని పైకి జరపమంది. ఈసారి రెండూ కలిసి మోగాయి. అదే చోట, అదే ఆలస్యంతో, ఒక మనిషి గుండెల నిండా ఊపిరి తీసుకుని నిలబడినట్టు మోగాయి. తప్పు ఎక్కడా లేదు.

మరదలు ఎడమచేతి ఉంగరపు వేలిని కుడిచేత్తో పట్టుకుని చూసుకుంది.

"మీకు తెలుసా?" అంది.

"నిన్ననే తెలిసిందమ్మా."

ఆవిడ ఫోను తీసుకుని బయటికి వెళ్ళింది.

వదిన మధ్యాహ్నం భోజనం వేళ వచ్చింది, లాండ్రీ ఏప్రనుతోనే. దింపిన పెద్దమనిషి ఇవాళ సోఫాలో కూర్చున్నా నిద్రపోలేదు. రికార్డిస్టు లేచి వెళ్ళిపోదామనుకుని, వెళ్ళే దారిలో వాళ్ళిద్దరే నిలబడి ఉండటంతో మైకు వైర్లు చుట్టే నెపంతో అక్కడే ఉండిపోయాడు.

"ఆరేళ్ళు," అంది మరదలు. "ఆరేళ్ళూ నేను నీ మీద జోకులేశాను. అందరి ముందూ."

"బాగానే ఉండేవిగా. నేనూ నవ్వేదాన్ని."

"మొన్న వాళ్ళు నిన్ను తీసేస్తుంటే నోరు మూసుకుని కూర్చున్నాను వదినా. నువ్వు లేకపోతే ఇంకా బాగా వాయిస్తానేమో అనిపించింది. ఒక్క క్షణమే. కాని అనిపించింది."

ఆ మాటకి వదిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏప్రను కొసతో తుడుచుకుని, అనిపించదా మరి, అందరూ చెబుతుంటే, అంది. రికార్డిస్టు జేబులోని కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. మరదలు చదివింది. 'అదనపు గిటారు' అన్న అచ్చు అక్షరాలూ, వాటి కింద వదిన సంతకమూ. కలం అడిగి తీసుకుని, ఆ సంతకం పక్కనే తనదీ పెట్టేసింది.

"ఇదేంటే?" అంది వదిన.

"ఇద్దరం అదనమే. అసలు గిటారు ఎవరో కంపెనీ ఆయన్నే వెతుక్కోమను."

సోఫాలోని పెద్దమనిషి పకాలున నవ్వాడు. వాళ్ళూ నవ్వారు. కాని గిటార్లు చేతికి తీసుకున్నాక ఆ నవ్వులన్నీ ఎగిరిపోయాయి. వదిన భయపడ్డదే జరిగింది. మలుపు ఇంకా నాలుగు వరసలు ఉందనగానే మరదలి ఎడంచెయ్యి బిగుసుకుపోయింది. చూపు వేలి మీద పడింది, రాగం నడుమనే తెగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి మలుపుదాకా కూడా రాలేదు. నావల్ల కాదు వదినా, ఇప్పుడు అదే కనబడుతోంది, అంది. అద్దం అవతలనుంచి వదిన అలాగే చూస్తూ ఉండిపోయింది. ఆరేళ్ళు దాచిపెట్టినదంతా దేనికి దాచిపెట్టిందో ఇప్పుడు అందరికీ అర్థమైంది. అర్థమవడంవల్లే అంతా పోయేట్టుంది.

రికార్డిస్టు లేచాడు. వదిన గదిలోకి వెళ్ళి ఆవిడ కుర్చీ తీసుకుని మరదలి గదిలోకి మోసుకొచ్చాడు. ఎదురుగా వేశాడు. చాలలేదని ఇంకా దగ్గరికి, మోకాళ్ళు తగిలేదాకా జరిపాడు. రెండు మైకులూ తీసేసి, ఇద్దరి మధ్యా ఒకే ఒక్క మైకు పెట్టాడు. హెడ్‌ఫోన్లు తీసుకున్నాడు, క్లిక్కు ఆపేశాడు. ఇరవై ఆరేళ్ళలో ఎవరికీ చేయనివన్నీ అయిదు నిమిషాల్లో చేశాడు.

"ఇలాగైతే తర్వాత దిద్దడం కుదరదేమో మాస్టారూ," అంది మరదలు.

"దిద్దను," అన్నాడాయన.

మొదలుపెట్టారు. ఉత్త చెక్కలోంచి ఆ దురుసుదనం మళ్ళీ లేచింది, ఈసారి కొంచెం వణుకుతూ. వదిన దాని కిందికి చేరి, భారం తను ఎత్తుకున్నట్టు బొటనవేలి స్వరాన్ని గట్టి చేసింది. వణుకు తగ్గింది. చప్పట్ల వరస వచ్చింది, ఎడారి ఊగు వచ్చింది. ఒకరి మోకాలు కొట్టే తాళం ఇంకొకరి మోకాలికి తెలుస్తోంది. మలుపు దగ్గరపడింది. రాగం పైనుంచి కిందికి దిగడం మొదలైంది. రికార్డిస్టు పిడికిలి బిగించాడు.

మరదలు వేలి వైపు చూడలేదు. తలెత్తి వదిన మొహంలోకి చూసింది. చూసి, దిగాల్సిన స్వరం ముందు తనే ఆగింది. వేలు ఆగడం కాదు, మనిషే ఆగింది. వదిన చెయ్యి తీగల మీద, గాలిలో, అలాగే నిలబడిపోయింది. మామూలుగా ఆగేదానికంటే ఎక్కువసేపు, ఇంకా ఎక్కువసేపు. పాట మొత్తం ఆ ఇద్దరి చూపుల మధ్య వేలాడింది. ఇక పడిపోతుందనుకున్నప్పుడు రెండు చేతులూ కలిసి దిగాయి.

ఆ దెబ్బకి రికార్డిస్టు పిడికిలి విడిపోయింది. అంత నిండైన స్వరం ఆ గదిలో పుట్టడం ఆయన ఎరగడు. ఇంకో పదిసార్లు ఆ మలుపు వచ్చింది. పదిసార్లూ ఆగారు, ఏ రెండుసార్లూ ఒక్కలా ఆగలేదు. ఒకచోట వదినే ముందు ఆగి, కళ్ళతో ఆటపట్టిస్తే మరదలు వాయిస్తూనే నవ్వేసింది. ఆ నవ్వు కూడా మైకులో పడింది. ఆయన దాన్ని ఏరి పారేయలేదు.

శుక్రవారం కంపెనీ ఆయన వచ్చి టీ చెప్పి, రెండు సంతకాల కాగితం చూసి ఏమిటిదని అడిగాడు. ముందు పాట వినమన్నాడు రికార్డిస్టు. ఆయన అలవాటుగా తెర ఎదురుగా కూర్చున్నాడు. చూడటానికక్కడ పెద్దగా ఏమీ లేదు. గీతలు లేవు, ఒకే మైకు కాబట్టి రెండు వరసల కొండలు లేవు, ఒకటే వరస. మొదట్లో బల్ల మీద వేలితో తాళం వేస్తూ విన్నాడు. మొదటి మలుపు దగ్గర ఆ వేలు గాలిలో ఆగిపోయింది. రెండో మలుపు దగ్గరా అంతే. పాట పూర్తయ్యాక రికార్డిస్టు వైపు తిరిగాడు.

"అక్కడ ఎవరు ఎవరి కోసం ఆగుతున్నారండీ?" అన్నాడు.

రికార్డిస్టు తెర వైపు చూశాడు. తన చెవి మీద తనకున్న గురి సంగతి ఒకసారి తలుచుకున్నాడు.

"తెలీదండీ," అన్నాడు. "నిన్నటినుంచి వింటున్నాను. నాకూ తెలియట్లేదు."

టీ వచ్చింది. కంపెనీ ఆయన గ్లాసు అందుకోలేదు. కుర్చీని తెర వైపునుంచి స్పీకర్ల వైపుకి తిప్పుకుని, కళ్ళు మూసుకుని, ఇంకోసారి పెట్టమన్నాడు.